బుజ్జిని సగంలో వదిలేద్దామా?



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో వచ్చిన ఒక మాటకు మేము అక్కడే జవాబు చెప్పాల్సింది. చెప్పలేదు. కాఫీ వచ్చింది, కాఫీ వెనకాలే కల్యాణ మండపం అద్దె గొడవ వచ్చింది, మా సంగతి అడుగున పడిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం. ఎప్పటిలాగే పొడుగవుతుంది. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

విషయం మీకు తెలిసిందే. మన హాలు వెనక గదిలో రెండడుగుల పొడుగున్న ఒక బండి ఉంది. 'కల్కి 2898 ఏడీ' సినిమాలో ప్రభాస్ నడిపిన బుజ్జి. మన పిల్లలు ఎనిమిది నెలలుగా ఆదివారాలు కూర్చుని చేస్తున్న నమూనా. సగం కంటే కొంచెం ఎక్కువే అయింది. ఇప్పుడు కార్యవర్గంలో కొందరు పెద్దలు చెప్పేది ఏమంటే, ఆ గది కొత్త కుర్చీలకు కావాలి, బొమ్మను ఎవరైనా ఇంటికి తీసుకుపోండి, ఉగాది వేదిక మీద పెట్టడానికి ఒక రెడీమేడ్ నమూనా తెప్పించుకుందాం, త్రీడీ ప్రింటింగ్‌లో వారం రోజుల్లో చేసి ఇస్తారు, మెరుస్తూ కూడా ఉంటుంది అని.

మా అభిప్రాయం ఒక్క మాటలో: వద్దు. ఎందుకు వద్దో ఇప్పుడు చెబుతాం.

సినిమా చూడని పెద్దలకు ముందు నాలుగు ముక్కలు. నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమా 2024 జూన్ 27న వచ్చింది. దానికి నెల ముందు, మే 22న, రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ ఈ బండిని స్వయంగా నడుపుకుంటూ జనం ముందుకు వచ్చాడు. కథలో బుజ్జి అంటే బండి మాత్రమే కాదు, బండిలో ఉండి మాట్లాడే యంత్రపు బుర్ర కూడా. కీర్తి సురేష్ గొంతు ఇచ్చింది. మామూలుగా ఇలాంటి బళ్ళను కంప్యూటర్‌లో గీసేస్తారు, లేదంటే అట్టతో పైపైన ఒక డొల్ల కట్టి తోసుకుంటూ షూటింగు చేస్తారు. వీళ్ళు నిజంగా నడిచే బండే కట్టించారు. పొడవు 6075 మిల్లీమీటర్లు, వెడల్పు 3380, ఎత్తు 2186. బరువు దాదాపు 6 టన్నులు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలా ఉబ్బిన ఒకే ఒక్క చక్రం. రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, 47 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. టైర్లు సియట్ వాళ్ళు ప్రత్యేకంగా చేసి ఇచ్చారు.

ఎక్కడ కట్టారు? మన ఊళ్ళో. మోటార్ల సంగతి, డిజైను సంగతి మహీంద్రా వాళ్ళ చెన్నై దగ్గరి పరిశోధన కేంద్రం చూసింది. బండిని కట్టింది కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్. ఈ మాట మేము మొదట చెప్పినప్పుడు మన సంఘంలోనే సగం మంది నమ్మలేదు. హైదరాబాదు సినిమా, తెలుగు పేరు, మన అమ్మమ్మలు పసిపిల్లల్ని పిలిచే పేరు పెట్టుకున్న బండి, అది అవినాశి రోడ్డు ఊరి వాళ్ళ చేతుల్లో తయారైంది. దాన్ని ఒకసారి తోలి చూసిన వాళ్ళలో మన ఊరి నరేన్ కార్తికేయన్ కూడా ఉన్నాడు. ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు.

ఇందులో ఆశ్చర్యం లేదని కూడా చెప్పాలి. జి.డి.నాయుడు గారి ఊరు ఇది. తెలుగు ఇంట్లో పుట్టి, 1920లో ఒకే ఒక్క బస్సుతో పొళ్ళాచ్చికీ పళనికీ మధ్య సర్వీసు మొదలుపెట్టిన మనిషి. డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు చేసింది ఇక్కడే. తర్వాత పంపుసెట్లు, గ్రైండర్లు, మిల్లు యంత్రాలు. కరివర్ధన్ గారు ఇక్కడే రేసు కార్లు కట్టారు, చెట్టిపాళెం ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. మోటారు పుట్టిన ఊళ్ళో 87 ఏళ్ళ తర్వాత మోటారు మీద నడిచే బుజ్జి పుట్టింది. ఈ ముక్క మన ఆదివారం తెలుగు తరగతి పిల్లలకు చెప్పినప్పుడు ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు, "మరి మనం ఒకటి చేద్దామా అన్నా?" అట్లా మొదలైంది. ప్లానింగు ఏమీ లేదు, తీర్మానం ఏమీ లేదు. అదే మా మొదటి తప్పని కార్యదర్శి గారు అంటారు. ఒప్పుకుంటాం.

ఎంత పెద్దగా చేయాలన్నది మొదటి గొడవ. బొమ్మల కార్లు 1కి 18, 1కి 24 కొలతలో వస్తాయి. పిల్లలకు లెక్క సులువుగా ఉండాలని మేము పదో వంతు అన్నాం. 6075ని పదితో భాగిస్తే 607 న్నర మిల్లీమీటర్లు, రెండడుగులు. వెడల్పు 338. ఎత్తు 218కి కొంచెం పైన. బాగానే ఉంది. బరువెంత ఉండాలి? 6 టన్నులను పదితో భాగిస్తే 600 కిలోలు అని ఒకడు గట్టిగా అరిచాడు. అందరూ నవ్వారు, కానీ ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేకపోయారు. పొడుగు పదో వంతు, వెడల్పు పదో వంతు, ఎత్తు పదో వంతు అయితే మొత్తం వెయ్యో వంతు అవుతుంది, కాబట్టి 6 కిలోలు అని ఒక ఇడ్లీ మీద చూపించి చెప్పడానికి అరగంట పట్టింది. పన్నెండో తరగతిలో తొంభై మార్కులు వచ్చిన వాడికి కూడా ఆ ఇడ్లీ దాకా అర్థం కాలేదు. మన బొమ్మ ఇప్పటికి రెండు కిలోలు కూడా లేదు. అది వేరే సంగతి.

రెండో గొడవ కొలతలు ఎక్కడ దొరుకుతాయని. పొడుగు, వెడల్పు, ఎత్తు పేపర్లో వచ్చాయి. మిగతా వంపులన్నీ ఫోటోల నుంచి తీయాలి. తొమ్మిదో తరగతి పాప ఒకతి ఫోన్లో ఉన్న ఫోటోలు పెట్టుకుని చార్టు మీద పక్క నుంచి కనిపించే బొమ్మ గీసింది. చక్కగా గీసింది. దాన్ని పట్టుకుని మేము థర్మాకోల్ కోసేశాం. చూడటానికి బుజ్జిలాగే ఉంది కానీ ఏదో తేడా. ముక్కు మరీ పెద్దది, వెనక భాగం నీరసించినట్టు. ఏం తేడానో మాకు అర్థం కాలేదు.

అప్పుడు వచ్చాడు మన పేటర్న్ తాత.

ఆయన పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. మీకందరికీ తెలిసిన మనిషే. నలభై ఏళ్ళు ఫౌండ్రీలకు చెక్క పేటర్న్‌లు చేశాడు. పంపు గుల్ల, మోటారు బాడీ, వాల్వు, ఏదైనా సరే ఇనుము పోసే ముందు చెక్కలో ఒకటి చెయ్యాలి, దాన్ని ఇసుకలో అదిమి తీస్తేనే అచ్చు వస్తుంది. ఇనుము చల్లారేటప్పుడు నూటికి ఒకటి చొప్పున కుంచించుకుపోతుంది కాబట్టి చెక్కను ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. దానికి ఆయన దగ్గర వేరే స్కేలే ఉంది, చూస్తే మామూలు స్కేలులాగే ఉంటుంది, గీతలు మాత్రం ఒక వెంట్రుక వాసి దూరం. ఇసుకలోంచి చెక్క ఊడి రావాలంటే నిలువు గోడకు కూడా కొంచెం వాలు ఇవ్వాలి. ఇదంతా ఆయన వేళ్ళకు తెలుసు. సంఘంలో పాతికేళ్ళుగా ఆయన చేసిన పని ఏమిటో గుర్తు చేసుకోండి: ఉగాది రోజు పచ్చడి గిన్నె దగ్గర కూర్చోవడం. మనం ఆయనకు ఇచ్చిన పని అది.

ఆయన చార్టు చూసి, "ఈ ముక్కు ఎవర్రా గీసింది?" అన్నాడు. పాప భయపడుతూ చెయ్యి ఎత్తింది. "నీ తప్పు కాదు పాపా. ఫోటో తీసినోడు బండికి దగ్గరగా నిలబడి తీసినాడు. దగ్గరుండేది పెద్దదిగా పడుతుంది. దూరం నుంచి తీసింది ఉంటే తే." వీడియోలో బండి దూరంగా, పక్కగా పోతున్న చోట ఆపి చూశాం. అందులో చక్రం కొలిచాడు. రిమ్ము 34.5 అంగుళాలని పేపర్లో ఉంది, అంటే 876 మిల్లీమీటర్లు, మన లెక్కలో 87 న్నర. ఇక ఆ చక్రమే కొలబద్ద. బండి మీద ఏ చోటైనా సరే, ఇది ముప్పావు చక్రం, ఇది చక్రంన్నర అని డివైడరుతో అడుగులు వేసుకుంటూ పోయాడు. ముక్కు మేము 12 మిల్లీమీటర్లు ఎక్కువ చేశామని తేలింది. రెండడుగుల బొమ్మ మీద 12 మిల్లీమీటర్లు. అంత తేడాకే కన్ను ఒప్పుకోలేదు.

ఆ థర్మాకోల్ ఎట్లా పోయిందో కూడా చెప్పాలి, దాస్తే బాగుండదు. తప్పు ముక్కు ఉన్నా సరే రంగు ఎట్లా ఉంటుందో చూద్దామని మేము దాని మీద నేరుగా స్ప్రే డబ్బా కొట్టాం. రంగులో ఉండే మందు థర్మాకోల్‌ను తింటుందని మాకు తెలియదు. మా కళ్ళ ముందే బుజ్జి కరిగి గుంటలు పడింది. పైగా తలుపులు మూసిన హాల్లో కొట్టాం. పక్క గదిలో పాట నేర్చుకుంటున్న అక్కలు దగ్గుతూ బయటికి వచ్చారు. వాళ్ళు కార్యవర్గానికి ఇచ్చిన ఫిర్యాదు న్యాయమైనది. అప్పటి నుంచి రంగు పని మేడ మీదే, మూతికి మాస్కు కట్టుకునే. పిల్లలకు స్ప్రే డబ్బా ఇవ్వడం లేదు, బ్రష్షే.

తర్వాత సన్‌బోర్డుతో మళ్ళీ మొదలుపెట్టాం. మూడు మిల్లీమీటర్ల షీట్లు, లోపల దూలాల్లాగా అడ్డ ముక్కలు, పైన పలకలు. వంపు ఉన్న చోట వెనక వైపు సన్నగా గాట్లు పెట్టి వంచాలి. సందుల్లో ఎం-సీల్ కూరి, ఆరాక ఉప్పుతాళుతో రుద్దాలి. ఉప్పుతాళు అంటే గరుకు కాగితమే, మన వీధి హార్డ్‌వేర్ కొట్లో ఆ పేరుతో అడిగితేనే ఇస్తారు. రుద్దడమే ఈ పనిలో ముప్పాతిక భాగం. రీల్సులో ఎవరూ చూపించని భాగం కూడా అదే. నున్నగా ఉందనుకుని బూడిద రంగు ప్రైమరు వేస్తాం, వెయ్యగానే గీతలన్నీ బయటపడతాయి. మళ్ళీ రుద్దాలి. మొదట్లో పద్నాలుగు మంది పిల్లలు వచ్చేవాళ్ళు, ఈ దశలో ఐదుగురు మానేశారు. మిగిలిన తొమ్మిది మంది ఇప్పటికీ వస్తున్నారు.

పిల్లలకు బాగా నచ్చిన భాగం ఆ తర్వాతది. సినిమా బండి సినిమా బండిలా కనిపించేది దాని ఒంటి నిండా ఉండే చిన్న చిన్న గొట్టాలు, బోల్టులు, పలకల సందుల వల్ల. చిన్న వివరం ఎంత చిన్నగా ఉంటే బండి అంత పెద్దదని కన్ను నమ్ముతుంది. అమెరికాలో 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' వాళ్ళు అంతరిక్ష నౌకల నమూనాలు చేసేటప్పుడు బొమ్మల కొట్లలో దొరికే యుద్ధ ట్యాంకుల కిట్లు, ఓడల కిట్లు కొనుక్కొచ్చి, వాటి ముక్కలు ఊడదీసి నౌకల మీద అతికించారు. ఆ సినిమాలో అందరికీ తెలిసిన మిలీనియం ఫాల్కన్‌కు ముందు వేరే ఆకారం ఉండేది. అది అప్పటికి వచ్చిన ఒక టీవీ సీరియల్‌లోని నౌకను పోలి ఉందని తీసేసి కొత్తది కట్టారు. పాతదాన్ని పారెయ్యలేదు, కొంచెం మార్చి సినిమా మొదట్లో కనిపించే ఇంకో నౌకగా వాడుకున్నారు. ఆ నమూనాలు చేసినవాళ్ళు కూడా కుర్రాళ్ళే, ఒక గోదాములో కూర్చుని చేశారు. అంతకు ముందు 1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి చేసిన డిస్కవరీ నౌక పెద్ద నమూనా పొడుగు 54 అడుగులు. మన హాలుకు కూడా పట్టదు. కార్యదర్శి గారు గది గురించి బాధపడుతుంటే ఇది చెప్పాలనిపించింది.

మన దగ్గర ట్యాంకుల కిట్లు లేవు. కానీ మిల్లుల ఊరు కదా. ఒక అమ్మమ్మ పాత స్పిన్నింగ్ మిల్లు నుంచి తెచ్చుకుని దాచిన ట్రావెలర్లు డబ్బాతో ఇచ్చింది. రింగు మీద పరుగెత్తుతూ నూలును తిప్పే ఆ చిన్న ఉక్కు కొక్కేలు, వేలి గోరంత కూడా ఉండవు. వాటిని వరసగా అతికిస్తే బండి పక్కన పైపు బిగించిన క్లాంపుల్లాగా అచ్చం కుదిరాయి. చెడిపోయిన సెల్ ఫోను లోపలి పలక బ్యాటరీ గది అయింది. మిక్సీ మోటారు బ్రష్షు హోల్డర్లు, సైకిల్ వాల్వు ట్యూబు, డ్రిప్పు ఇరిగేషన్ ముక్కలు. ఒక ఇంటి తాత పంపు, ఇంకో ఇంటి అమ్మమ్మ మిల్లు, ఇంకో ఇంటి నాన్న ఐటీ ఆఫీసు, అన్నీ ఆ రెండడుగుల బండి మీదికి వచ్చాయి. మన సంఘంలో విజయనగరం కాలం నుంచి ఉన్న కుటుంబాలూ, మొన్న ఐటీ పార్కుకు వచ్చిన కుటుంబాలూ ఒకరింటి చెత్త ఇంకొకరు వెతుక్కోవడం మేము ఇదివరకు చూడలేదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం.

మొదటిది, సంఘం అభిమాన సంఘం కాదు, ఒక హీరో బండిని మనమెందుకు మొయ్యాలి అని. ఇందులో న్యాయం ఉంది. రెండో నెలలో ఇద్దరు పిల్లలు హీరోల మీద కొట్టుకున్నంత పని చేశారు, ఒకడి చార్టు చింపేశారు. అప్పటి నుంచి హాల్లో హీరో పేరు ఎత్తకూడదని నియమం పెట్టాం. బండి గురించి మాత్రమే మాట్లాడాలి. బొమ్మ మీద హీరో స్టిక్కరు ఉండదు, ఉగాది రోజు సీటు మీద మనిషి బొమ్మ కూడా ఉండదు. ఇంతకంటే ఏం చెయ్యాలో చెబితే అది కూడా చేస్తాం.

రెండోది, ఇది మన సంస్కృతి కాదని. ఈ మాట అన్న పెద్దాయన ఇంట్లో దసరాకు తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు పెడతారు. కింది మెట్టు ముందు పార్కు, అందులో రైలు, ఊటీ కొండ, ట్రాఫిక్ లైటు. చిన్నప్పుడు మేము ఆ రైలు చూడటానికే ఆయన ఇంటికి పోయేవాళ్ళం, సుండలు తర్వాతి సంగతి. పెద్దదాన్ని చిన్నగా చేసి చూసుకోవడం మనకు కొత్త కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురులో చెక్కపొట్టు కలిపి అతికించి ఏనుగు అంబారీ చేస్తారు. ఆ అంబారీ కూడా ఒకప్పటి బండే. ఇక సైన్సు సినిమా మనది కాదంటే, 1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు క్యూలో నిలబడింది ఈ పెద్దలే. ఆ కాలయంత్రం గురించి పిల్లలకు చెప్పమంటే గంటసేపు చెబుతారు. ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారే 'కల్కి'కి పెద్దదిక్కుగా సలహాలిచ్చారు.

మూడోది, తొమ్మిదో తరగతి పాప తల్లికి ఎవరో అన్నారట, ఆడపిల్ల చేతికి కట్టర్ బ్లేడు ఎందుకని. ఎవరన్నారో మాకు తెలుసు, రాయం. ఆ పాప గీసిన పక్క బొమ్మ, పై బొమ్మ, ముందు బొమ్మ లేకపోతే మిగతా ఎనిమిది మందికి పని లేదు. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుంటే రాని భయం స్కేలు పక్కన బ్లేడు పెడితే ఎందుకు వస్తుందో మాకు తెలియదు. అయినా బ్లేడు పట్టే ప్రతి పిల్లా, పిల్లవాడూ వేళ్ళకు తోలు ముక్క కట్టుకునే కోస్తున్నారు.

నాలుగోది అసలైనది. తెలుగు తరగతి సమయాన్ని బొమ్మ తినేసిందని. దీని మీద కొంచెం ఆగి చెప్పాలి.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవడం, రాయడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టం తర్వాత పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది, తెలుగు అక్షరానికి బడిలో చోటు తగ్గిపోయింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు ఫిర్యాదు లేదు, ఇది మన ఊరు, తమిళం మన ఊరి భాష, రాకపోతే సిగ్గుపడాలి. కానీ ఆ ఖాళీ పూడ్చడానికే కదా ఆదివారం తరగతి పెట్టుకున్నాం. అది ఎట్లా నడిచింది? అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఆవు బొమ్మకు రంగు వెయ్యమన్నాం. వచ్చే వాళ్ళు ఐదుగురు, అందులో ఇద్దరు కార్యవర్గ సభ్యుల పిల్లలు.

బుజ్జి మొదలయ్యాక తాత ఒక పద్ధతి పెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. ప్రతి ముక్క మీద దాని పేరు, కొలత తెలుగులో రాసి ఇస్తేనే తీసుకుంటాడు. 'ఎడమ చక్రం పై రేకు, మందం 3, అంచు వాలు లోపలికి' అని. రాయడం రాని వాడు పక్కవాణ్ణి అడిగి రాయాలి. మొదటి వారం ఒకడు 'మందం'ను 'మంధం' అని రాశాడు. తాత సరిదిద్దలేదు, ముక్క తిరిగి ఇచ్చేశాడు. అడ్డం, నిలువు, ఏటవాలు, పావు, అర, ముప్పావు, వీసం, గుంట, గాడి, చీల, తొర్ర, కుసి. వీటిలో సగం మాటలు మాకే తెలియవు. మా ఇళ్ళల్లో మా తాతలు వాడినవి, మా నాన్నల దగ్గరికి వచ్చేసరికి 'స్లాట్' అని, 'హోల్' అని అయిపోయినవి. ఇవి ఏ వాచకంలోనూ లేవు. ఆయన నోట్లోనే ఉన్నాయి. ఒక పాప వాటన్నింటినీ నోటుపుస్తకంలో రాసుకుంటోంది, ఇప్పటికి నూటపది దాటాయి. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

ఇవి రెడీమేడ్ బొమ్మతో రావు. త్రీడీ ప్రింటింగ్ మీద మాకు ద్వేషం లేదు. మేము కూడా ముందు చక్రాల మీది పళ్ళు ప్రింటు చేయిద్దామనుకుంటున్నాం, చేతితో నూటికి నూరు ఒకేలా కొయ్యడం కుదరదు. కానీ ఆ పంటి కొలత మన పిల్లలు తీసి, మన పిల్లలు కంప్యూటర్‌లో గీసి ఇవ్వాలి. ఎవరో గీసిన ఫైలు కొని, ఇంకెవరో ప్రింటు చేసిన బొమ్మను దండ వేసి వేదిక మీద పెట్టడానికైతే ఫ్లెక్సీ చాలు. దానికి ఇంకా తక్కువ అవుతుంది.

ఖర్చు మాట కూడా వచ్చింది కాబట్టి లెక్క ఇస్తున్నాం. సన్‌బోర్డు, ఎం-సీల్, అరల్డైట్, బ్లేడ్లు, ఉప్పుతాళ్ళు, ప్రైమరు, రంగులు, కరిగిపోయిన థర్మాకోల్‌తో సహా ఇప్పటికి 4,300 రూపాయలు. బిల్లులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి. ఇందులో సంఘం ఇచ్చింది 1,500, మిగతాది మేము తలా ఇంత వేసుకున్నాం. పూర్తి చెయ్యడానికి ఇంకో రెండున్నర వేలు చాలు. రెడీమేడ్‌కు చెప్పిన ధర ఇక్కడ రాయం, సమావేశంలో ఉన్నవాళ్ళకు గుర్తుంటుంది.

గది విషయంలో మేము ఒప్పందానికి సిద్ధం. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చితే సగం గది చాలు. మాకు ఒక బల్ల, ఒక ట్యూబ్‌లైటు, ఆదివారం పొద్దున మూడు గంటలు చాలు. పెళ్ళి ముహూర్తాలున్న ఆదివారాలు బల్లను మేమే మేడ మీదికి మోస్తాం. ఒకసారి పెళ్ళివాళ్ళు పూలబుట్టలు దాని మీద పెట్టి వెనక రెక్క విరగ్గొట్టారు. వాళ్ళ తప్పు కూడా కాదు, అది ఏమిటో ఒక చీటీ అయినా మేము రాసి పెట్టలేదు. ఇప్పుడు రాశాం, తెలుగులోనూ తమిళంలోనూ.

తొందర ఎందుకంటే, మిగిలిన పెద్ద పని వెనక చక్రం. బంతిలా ఉంటుందన్నాం కదా, సన్‌బోర్డుతో కుదరదు. ప్లాస్టిక్ బంతి తెచ్చి చూశాం, గాలి దిగి నొక్కుకుపోయింది. తాత ఒక పాత టేకు దిమ్మె ఇచ్చాడు, ఎప్పుడో ఒక పంపు పేటర్న్‌కు తెచ్చి మిగిలింది. ఇద్దరు సభ్యులు వాళ్ళ లేత్ పట్టరైలో తిప్పుకోమన్నారు. కానీ చెక్కను గుండ్రంగా తిప్పేటప్పుడు ఉలి ఎట్లా పట్టాలో చూపించగలిగింది ఆయన ఒక్కడే. ఆయనకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి వైశాఖంలో చేస్తామన్నారు. కుడి చెయ్యి వణుకుతోంది, ఆయన ఒప్పుకోడు కానీ డివైడరు పట్టినప్పుడు మాకు కనిపిస్తోంది. మొన్న ఆదివారం గదికి తాళం వేసి ఉంటే పిల్లలతో పాటు మెట్ల మీద గంటసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. ఎందుకు తాళం అని అడగలేదు. ఆ దిమ్మె మాత్రం సంచిలో పెట్టుకుని తిరిగి తీసుకుపోయాడు.

కాబట్టి కార్యవర్గానికి మా మనవి: వచ్చే ఆదివారం లోపల ఆ తాళం తీయించండి. తీర్మానం కావాలంటే మేము సంతకాలు సేకరించి ఇస్తాం, ఇప్పటికే ఇరవై రెండు కుటుంబాలు ఇచ్చాయి. ఓడిపోతే బొమ్మను మా ఇళ్ళల్లో ఒకదాని వరండాలో పెట్టుకుని అక్కడే పూర్తి చేస్తాం, కానీ అప్పుడు ఉగాది వేదిక మీదికి తెమ్మని అడగొద్దు.

సభ్యులకు ఇంకో మాట. పాత మిక్సీ, చెడిపోయిన రిమోటు, వాచీ, మిల్లు సామాను ఏదున్నా శనివారం సాయంత్రం లోపల మాకు ఇవ్వండి. హోటల్ పార్సిల్ డబ్బాల మూతలు మాత్రం తేవద్దు, ఆ ప్లాస్టిక్‌కు ఫెవిక్విక్ పట్టదు, ఇప్పటికే ఒక గోనె నిండా ఉన్నాయి. ఆదివారం పది గంటలకు లేత్ పట్టరైలో టేకు తిప్పుడు. తాతను తీసుకురావడానికి ఒక కారు కావాలి, స్కూటర్ మీద కూర్చోలేడు. ఎవరు వస్తారో కింద రాయండి.